సెల్లు మార్చే ముందు

క్రోనోగ్రాఫ్ వాచీ ఆగిందంటే ముందుగా వినిపించే మాట ‘సెల్లు అయిపోయింది’. పలాస-కాశీబుగ్గలో అయినా టెక్కలిలో అయినా దుకాణంలో కొత్త సెల్లు వేయిస్తాం. నడిస్తే సంతోషం, నడవకపోతే ‘మిషను పోయింది’ అన్న తీర్పు విని వాచీని బీరువాలో పడేస్తాం. ఈ రెండు మాటల మధ్య పరీక్ష అనేది ఒకటి జరగాలి. చిన్న డయళ్ళూ, కీకి పైనా కిందా రెండు బటన్లూ ఉండే ఈ వాచీ చూడ్డానికి చిక్కుముడిలా ఉంటుంది గానీ, జబ్బు ఎక్కడుందో చూపించడంలో మామూలు వాచీ కంటే ఇదే నయం. దాన్ని చదవకుండా విడిభాగాలు మార్చడం డబ్బు దండగ, వాచీకీ చేటు.

క్వార్ట్జ్ వాచీలో చిన్న స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. చిప్ ఆ లెక్కను 15 సార్లు సగం చేసి, సెకనుకొకసారి కాయిల్‌కి కరెంటు పంపుతుంది. కాయిల్ పక్కనున్న బుల్లి అయస్కాంతం అర చుట్టు తిరుగుతుంది, పళ్ళచక్రాలు కదిలి ముల్లు ఒక గడి జరుగుతుంది. మామూలు వాచీలో ఇలాంటి మోటారు ఒకటే. క్రోనోగ్రాఫ్‌లలో చాలా వాటికి రెండో మూడో, కొన్నింటికి అంతకంటే ఎక్కువో ఉంటాయి. టైము సరిగ్గా నడుస్తూ స్టాప్‌వాచ్ ముల్లు మాత్రం కదలడం లేదంటే స్ఫటికం మీద అనుమానం అక్కర్లేదు. సెల్లు బలహీనపడినప్పుడు కొన్ని రకాలు స్టాప్‌వాచ్‌ని ముందే ఆపేస్తాయి కాబట్టి, సెల్లుని ఒకసారి మీటరుతో చూసుకుంటే చాలు. అదీ బాగుంటే తప్పు ఆ బటన్‌లోనో, ఆ ముల్లు తాలూకు కాయిల్‌లోనో, దాని చక్రాల్లోనో ఉంది. అన్నీ ఒకేసారి ఆగితే సెల్లు, దానికి ఆనే రేకులు, సర్క్యూటు చూడాలి. అసలు తప్పే లేని సందర్భమూ ఉంది. ఈ వాచీల్లో చాలా వాటికి మధ్యలోని పొడవాటి ముల్లు స్టాప్‌వాచ్‌ది. బటన్ నొక్కితేనే కదులుతుంది. నడిచే సెకన్ల ముల్లు చిన్న డయల్‌లో ఉంటుంది. అది తెలియక బాగున్న వాచీని విప్పించేవాళ్ళున్నారు. అందం కోసం పెద్ద ముల్లుని రోజంతా తిప్పి, సెల్లు తొందరగా అయిపోతోందని బాధపడేవాళ్ళూ ఉన్నారు.

‘సెల్లు చవకే కదా, ముందు మార్చి చూస్తే నష్టమేముంది?’ అనవచ్చు. నష్టం ఉంది. సెల్లు పక్కనే ఉండే కాయిల్ తీగ వెంట్రుక కన్నా సన్నం. తొందరలో స్క్రూడ్రైవర్ జారితే ఒక్క గీతతో తెగిపోతుంది, బాగుచేయించడానికి ఇచ్చిన వాచీ అక్కడే చెడుతుంది. పైగా చాలా క్రోనోగ్రాఫ్‌లలో సెల్లు వేశాక, సర్క్యూటు మీద ‘ఏసీ’ అని రాసిన చుక్కనీ సెల్లు పైభాగాన్నీ ట్వీజర్‌తో రెండు సెకన్లు కలిపి రీసెట్ చేయాలి. అది మరిచిపోతే ముళ్ళు అడ్డదిడ్డంగా నడుస్తాయి, పాపం మిషను మీద పడుతుంది. స్టాప్‌వాచ్ ముల్లు పన్నెండు దగ్గరికి కాకుండా రెండు మూడు గడుల అవతల ఆగితే విప్పే పనే ఉండకపోవచ్చు. చాలా రకాల్లో కీని బయటికి లాగి, బటన్‌ని ఒక్కొక్కసారి నొక్కుతూ ముల్లుని చోటికి తేవచ్చు. విప్పాల్సి వస్తే, పాత హెచ్‌ఎంటీ కీ వాచీలకు కన్నూ చెవీ సరిపోయేవి, ఈ వాచీకి మీటరు కావాలి. సెల్లు తీసి కాయిల్ రెండు కొసల మీదా మీటరు ముళ్ళు ఆనిస్తే, బాగున్న కాయిల్ ఎంతో కొంత ఓములు చూపిస్తుంది. తెగినది ఏమీ చూపించదు.

పలాస-టెక్కలి వైపున్న ఉద్దానం తీరంలో అనుమానాల వరసే వేరు. 2018 అక్టోబర్‌లో పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ లాంటి తుపాను రానక్కర్లేదు. భావనపాడు నుంచి బారువ దాకా మామూలు రోజుల్లోనూ గాలిలో తేమా ఉప్పూ ఉంటాయి. చెమట దానికి తోడు. బటన్ చుట్టూ ఉప్పు పేరుకుంటే అది బిగుసుకుపోతుంది, లేదా నొక్కింది నొక్కినట్టే ఉండిపోతుంది. జీడిపిక్కలు కొట్టే చేతులకైతే గుల్ల నూనె జిగురు కూడా అంటుతుంది, దుమ్ము దానికే పడుతుంది. వెనక మూత కింద రబ్బరు రింగు ఎండి పగిలితే తేమ లోపలికి దారి చేసుకుంటుంది. మూత మీద ‘30 మీటర్లు’ అని ఉంది కదా అంటారు. అది కొత్త రబ్బరుతో చేసిన పరీక్ష లెక్క. కెరటాల్లో దిగడానికీ, నీళ్ళలో బటన్ నొక్కడానికీ అనుమతి కాదు. అద్దం లోపల ఆవిరి కనబడితే వాచీని బియ్యం డబ్బాలో పెడతారు. బియ్యం కాస్త తడి లాగుతుందేమో గానీ ఉప్పుని లాగదు. ఆ ఉప్పే రాగి తీగ మీద పచ్చగా పూసి దాన్ని తినేస్తుంది. సముద్రపు నీళ్ళు చేరిన వాచీని ఆ రోజే విప్పించి, సెల్లు తీయించాలి.

‘ఇంత శ్రమెందుకు, మిషనే మార్చేస్తే చవక’ అన్న వాదనలో నిజముంది. జపాను మిషన్లలో చాలా వాటికి కాయిల్ విడిగా వెతకడం కంటే కొత్త మిషను వేయడమే తేలిక. తెగిన కాయిల్ ఖాయమైతే నేనూ అదే చేయమంటాను. కానీ బిగుసుకున్న బటన్, పగిలిన రబ్బరు అలాగే ఉంచి మిషను మారిస్తే కొత్తదీ అదే దారిన పోతుంది. మిషను మారిస్తే ముళ్ళన్నీ పీకి మళ్ళీ నొక్కాలి, స్టాప్‌వాచ్ ముళ్ళు సరిగ్గా సున్నా మీదే కూర్చోవాలి. అందుకే వాచీ ఇచ్చేటప్పుడు ‘సెల్లు మార్చండి’ అనకండి. ఏ ముల్లు ఆగింది, ఎప్పటి నుంచి, నీళ్ళు తగిలాయా అన్నవి చెప్పండి. మూత తీసినప్పుడు మిషను మీద ఉన్న నంబరు ఫోన్లో ఫొటో తీసుకోండి. మార్చాల్సి వస్తే సరైన మిషను దొరికేది ఆ నంబరుతోనే.