హాస్య భయానకాల పొత్తు: ఒక జాంబీ చిత్రం కథాసంవిధానం

హాస్యానికీ భయానకానికీ పొత్తు కుదరదని మన ఆలంకారికుల అభిప్రాయం. విశ్వనాథుడు సాహిత్యదర్పణంలో రసాల పరస్పర విరోధాన్ని వివరిస్తూ హాస్యానికి భయానకం, కరుణం రెండూ విరోధులన్నాడు. కారణం ఊహించడం కష్టం కాదు. నవ్వేవాడి మనసు నిశ్చింతగా ఉంటుంది. భయపడేవాడికి ముందుగా పోయేది ఆ నిశ్చింతే. అయినా ‘హారర్ కామెడీ’ అనే ప్రక్రియ సినిమాల్లో గట్టిగా నిలదొక్కుకుంది. తెలుగులో ‘ప్రేమకథా చిత్రమ్’ (2013), ‘ఆనందో బ్రహ్మ’ (2017) వంటివి ప్రేక్షకుల ఆదరణ పొందాయి. పరస్పర విరోధులైన రసాలు ఒకే ఇతివృత్తంలో ఎలా ఇముడుతున్నాయి? ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి 2004లో ఇంగ్లండులో వచ్చిన ‘షాన్ ఆఫ్ ద డెడ్’ అనువైన చిత్రం. దీని దర్శకుడు ఎడ్గర్ రైట్. కథారచన అతనూ, కథానాయకుడుగా నటించిన సైమన్ పెగ్ కలిసి చేశారు. జార్జ్ రొమేరో తీసిన ‘డాన్ ఆఫ్ ద డెడ్’ (1978) పేరుకు ఇది ప్రాస కలిపిన పేరు.

జాంబీకీ దయ్యానికీ భేదం

జాంబీ అన్న భావన హైతీ జానపద విశ్వాసాల్లోంచి వచ్చింది. మాంత్రికుడు శవాన్ని లేపి తన చేత బానిసచాకిరీ చేయించుకుంటాడన్నది ఆ విశ్వాసం. తోటల్లో బానిసలుగా బతికిన జనం ఊహించుకున్న ఘోరం అది: చావుతో కూడా చాకిరీ తప్పకపోవడం. 1932లో వచ్చిన ‘వైట్ జాంబీ’తో ఇది సినిమాకెక్కింది. 1968లో రొమేరో ‘నైట్ ఆఫ్ ద లివింగ్ డెడ్’లో దీని స్వరూపమే మార్చేశాడు. మాంత్రికుడు పోయాడు. శవాలు వాటంతట అవే లేచి బతికున్నవారిని తింటాయి. మెదడును దెబ్బతీస్తే తప్ప కూలవు. వీటి కాటు తిన్నవారు చచ్చి, మళ్లీ అదే రూపంలో లేస్తారన్న సంగతి ఆ తర్వాతి చిత్రాలకు సూత్రమైపోయింది.

కథాసంవిధానం దృష్టితో చూస్తే ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం ఉంది. మన దయ్యానికి గతం ఉంటుంది. తీరని కోరికో, జరిగిన అన్యాయమో దాన్ని నడిపిస్తుంది. అందుకే దయ్యం కథ వెనక్కి నడుస్తుంది; ‘కాంచన’ (2011) వంటి చిత్రాల్లో ఫ్లాష్‌బ్యాకే కథకు గుండెకాయ. శవంలో చేరిన బేతాళుడు సరేసరి, కథ చెప్పి ప్రశ్న కూడా అడుగుతాడు. జాంబీకి ఇవేవీ లేవు. పగ లేదు, కోరిక లేదు, మాట లేదు. దాని వెనుక కథే లేదు కాబట్టి రచయిత కథ భారాన్నంతా బతికున్నవారి మీదనే మోపాలి. జాంబీ చిత్రంలో అసలు ప్రశ్న ‘ఈ శవాలు ఎందుకు లేచాయి?’ అన్నది కాదు. ‘వీళ్లు ఇన్నాళ్లూ ఎలా బతికారు?’ అన్నది. ‘షాన్ ఆఫ్ ద డెడ్’ శవాలు లేవడానికి కారణం చెప్పకుండానే ముగుస్తుంది. ప్రేక్షకులకు ఆ లోటు తెలియదు.

ఇతివృత్తం

షాన్ వయసు ఇరవై తొమ్మిది. లండన్‌లో ఎలక్ట్రానిక్ సామాన్ల దుకాణంలో ఉద్యోగం. చిన్ననాటి స్నేహితుడు ఎడ్ పనీపాటా లేకుండా అతని ఇంట్లోనే ఉంటాడు. సాయంత్రమైతే ఇద్దరూ ‘వించెస్టర్’ అనే పబ్బులో చేరతారు. తల్లి బార్బరాను చూడటానికి వెళ్లడు. మారుతండ్రి ఫిలిప్ అంటే గిట్టదు. ప్రియురాలు లిజ్ విసిగిపోయి అతన్ని వదిలేస్తుంది. ఆ రాత్రి తాగి పడుకుని తెల్లారి లేచేసరికి ఊరంతా జాంబీలమయం. తల్లిని, లిజ్‌ను కాపాడి వించెస్టర్‌లో దాచాలని షాన్ బయలుదేరతాడు. దారిలో ఫిలిప్, పబ్బులో తల్లి, లిజ్ స్నేహితులు డేవిడ్, డయాన్, చివరికి ఎడ్ ఒక్కొక్కరే దూరమవుతారు. షాన్, లిజ్ మాత్రం మిగులుతారు.

సంధుల వెలుగులో

ఈ రచయితలు మన నాట్యశాస్త్రాన్ని అనుసరించారని చెప్పడం ఉద్దేశం కాదు. మనకు తెలిసిన కొలబద్దతో కొలిస్తే కథ కట్టుబడి స్పష్టంగా కనిపిస్తుందని మాత్రమే.

ముఖసంధి తొలి దృశ్యంలోనే ఉంది. రోజూ ఇదే పబ్బు, ఇదే స్నేహితుడు, మన బతుకు మారేదెప్పుడని లిజ్ అడుగుతుంది. అదే బీజం. ఆ తర్వాత జరిగేదంతా ఆ ప్రశ్నకు జవాబే. బీజం కనిపించీ కనిపించనట్టుండటం ప్రతిముఖసంధి లక్షణం. ఈ చిత్రంలో అది అక్షరాలా సరిపోతుంది. టీవీ వార్తల్లో, బస్సు కిటికీలోంచి, వీధి మలుపులో ఉపద్రవం మనకు కనిపిస్తూనే ఉంటుంది, షాన్‌కు కనిపించదు. గర్భసంధిలో దొరకడం, జారిపోవడం, మళ్లీ వెతకడం ఉండాలి. తల్లి దొరుకుతుంది, ఫిలిప్ పోతాడు. లిజ్ దొరుకుతుంది, కారు వదిలేయాల్సి వస్తుంది. పబ్బులో చిక్కుకుపోయిన ఘట్టం విమర్శసంధి. నేలమాళిగలోంచి బయటపడటం, సైన్యం రావడం, ఆరు నెలల తర్వాతి జీవితం నిర్వహణసంధి. ఎడ్ కథ మొదటి నుంచి చివరిదాకా నడిచే పతాక. దారిలో ఎదురై, చివర సైన్యాన్ని వెంటబెట్టుకు వచ్చే ఇవాన్ కథ ప్రకరి.

ముందే చెప్పిన కథ

ఒక అర్థంతో పలికిన మాట రాబోయే మరో విషయాన్ని సూచిస్తే దాన్ని పతాకాస్థానకం అంటారు. ఈ చిత్రంలో అటువంటి ఘట్టం ఒకటి ప్రసిద్ధం. లిజ్ వదిలేసిన రాత్రి షాన్‌ను ఓదారుస్తూ ఎడ్ మర్నాటి తాగుడు కార్యక్రమం వరసగా చెబుతాడు. పొద్దున్నే ‘బ్లడీ మేరీ’ అనే పానీయం, ‘కింగ్స్ హెడ్’ అనే పబ్బులో ఏదైనా కొరకడం, ‘లిటిల్ ప్రిన్సెస్’లో ఒక జంట గ్లాసులు, తూలుతూ వెనక్కి రావడం, చివరికి ఇక్కడే ‘షాట్లు’. వింటున్నప్పుడు ఇవి తాగుబోతు మాటలు. మర్నాడు ప్రతి అంశమూ వేరే అర్థంలో నిజమవుతుంది. పెరట్లో మొదట కనిపించే జాంబీ అమ్మాయి పేరు మేరీ. కాటు తిన్నది ఇంటి పెద్ద ఫిలిప్. లిజ్ ఇంట్లో దొరికిన జంట డేవిడ్, డయాన్. పబ్బు చేరడానికి అందరూ జాంబీల్లా తూలుతూ నడుస్తారు. షాట్లు తుపాకీ గుళ్లవుతాయి. రెండోసారి చూసినవారికి గానీ ఈ కూర్పు పూర్తిగా బోధపడదు.

ఇటువంటివి చిత్రమంతా ఉన్నాయి. కలం కారి చొక్కాకు ఎర్రసిరా అంటినప్పుడు ఎర్రగా ఏదో అంటిందని షాన్‌తో అంటారు. రక్తం అంటినప్పుడూ అదే మాట. పబ్బు గోడ మీది తుపాకీ పనిచేస్తుందా లేదా అని ముందు కబుర్లు చెప్పుకుంటారు; తర్వాత దాని మీదే ప్రాణాలు ఆధారపడతాయి. మరో సహవాసి పీట్ కోపంతో ఎడ్‌ను పోయి షెడ్డులో బతకమంటాడు. చివరికి జాంబీగా మారిన ఎడ్ నిజంగానే షెడ్డులో ఉంటాడు. మొదటి సగంలో నవ్వుగా నాటిన ప్రతి విత్తనమూ రెండో సగంలో భయంగానో దుఃఖంగానో మొలకెత్తుతుంది. ఈ చిత్రం ఇతివృత్త నిర్మాణంలో మూలసూత్రం ఇదే.

ఒకే వీధి, రెండు నడకలు

షాన్ ఇంటినుంచి మూలనున్న దుకాణానికి రెండుసార్లు నడుస్తాడు. మొదటిది మామూలు ఉదయం, రెండోది ఉపద్రవం వచ్చిన ఉదయం. రెండింటినీ మధ్యలో కత్తిరింపు లేకుండా ఒకే షాటుగా, ఒకే దారిన చిత్రీకరించారు. రెండోసారి కారు అద్దాలు పగిలి ఉన్నాయి, జనం తూలుతున్నారు, శీతలపానీయాల పెట్టె తలుపు మీద నెత్తుటి చేతిముద్రలు. షాన్ నేలమీది రక్తంలో జారి కూడా గమనించడు. ఎందుకు? మొదటిసారి నడిచినప్పుడూ వీధిలో జనం అర్ధనిద్రలో నడిచే శవాల్లాగే ఉన్నారు కాబట్టి. రోజూ చూసేదానికీ ఈ రోజు చూసినదానికీ అతనికి తేడా తెలియలేదు.

విరోధరసాలను వేర్వేరు ఆశ్రయాల్లో నిలిపితే విరోధం తొలగుతుందనీ, రెండింటి మధ్య మూడో రసాన్ని నిలిపినా తొలగుతుందనీ ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకంలో మార్గం చూపాడు. మొదటి మార్గాన్ని కొంత విస్తరించి ఇక్కడ అన్వయించవచ్చు. నిశ్చింత షాన్‌ది, భయం మనది. రెండూ ఒకే దృశ్యంలో ఉన్నా ఒకే మనసులో లేవు. అందుకే నవ్వూ వస్తుంది, గుండే దడదడలాడుతుంది.

నవ్వు ఆగిన చోటు

అయితే చిత్రం విలువ నవ్వించడంలో కన్నా ఎక్కడ నవ్వు ఆపాలో తెలియడంలో ఉంది. పబ్బు యజమాని జాంబీగా వచ్చినప్పుడు క్వీన్ బృందం పాట మోగుతుండగా బిలియర్డ్స్ కర్రలతో తాళం ప్రకారం కొట్టడం హాస్యానికి పరాకాష్ఠ. కాసేపటికి తల్లి కుప్పకూలుతుంది. కాటు తిన్న సంగతి కొడుకు కంగారు పడతాడని ఆమె దాచింది. ఈ రెంటి మధ్యా తుపాకీ పోరాటం ఉంది. అంటే హాస్యకరుణాల నడుమ వీరం నిలిచింది. ఆమె ప్రాణం పోయాక డేవిడ్ తుపాకీ ఎత్తుతాడు, షాన్ పగిలిన సీసా పడతాడు, అందరూ ఒకరిమీద ఒకరు అరుచుకుంటారు. ఈ రౌద్రం తర్వాతే తల్లి లేస్తుంది, కొడుకు ఆమెను కాల్చాల్సి వస్తుంది. అక్కడ ఒక్క హాస్యోక్తి లేదు. ఆనందవర్ధనుడి రెండో మార్గం ఇదే.

ఫిలిప్ మరణమూ గమనించదగ్గది. కారులో చివరి క్షణాల్లో అతను షాన్‌తో తన ప్రేమను చెప్పుకుంటాడు. ఇన్నేళ్లలో వారిద్దరూ మనసువిప్పి మాట్లాడుకున్నది అప్పుడే. తర్వాత జాంబీగా లేచిన ఫిలిప్, గోలగా మోగుతున్న పాటను ఆపేస్తాడు. బతికినన్నాళ్లూ అతనికి పడనిది ఆ గోల. నవ్వొస్తుంది, కానీ అతను మనిషేనని షాన్ ఆలస్యంగా గుర్తించాడన్న బాధా వెంటనే తగులుతుంది. పక్కనున్నవారిని చూడకుండా బతకడమే ఈ కథలో అసలు వ్యాధి. కాటు దానికి ఆనవాలు మాత్రమే.

మన సంప్రదాయంతో పోలిక

మన ప్రదర్శన కళల్లో హాస్యానికి ఎక్కువగా వేరే చోటు ఇచ్చారు. తోలుబొమ్మలాటలో రామాయణ కథ సాగుతుండగా మధ్యమధ్య జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు వచ్చి నవ్వించి పోతారు. తంజావూరు ప్రాంతపు మెలట్టూరులో తెలుగులో ప్రదర్శించే భాగవతమేళంలో కోణంగి మొదట వస్తాడు. ‘ప్రహ్లాద చరిత్ర’లో నరసింహుడి భీకరరూపం చివర వస్తుంది. ఇది రసవిరోధం తెలిసిన ఏర్పాటే. సినిమాల్లోని ప్రత్యేక ‘కామెడీ ట్రాక్’ దీనికి దూరపు చుట్టం. కాని ఆ ట్రాకును తీసేసినా చాలాసార్లు కథ చెడదు. ‘షాన్ ఆఫ్ ద డెడ్’లో హాస్యాన్ని తీసేస్తే భయానికీ దుఃఖానికీ పునాదే ఉండదు.

ప్రశాంత్ వర్మ దర్శకత్వంలో 2021లో వచ్చిన ‘జాంబీ రెడ్డి’ ఈ ప్రక్రియను తెలుగునేలకు తెచ్చింది. లండన్ పబ్బు స్థానంలో అక్కడ కర్నూలు ప్రాంతపు పెళ్లిల్లు, కక్షలు, వేటకొడవళ్లు వచ్చాయి. ‘సమరసింహారెడ్డి’ (1999) నాటి నుంచి ప్రేక్షకులకు కంఠతా వచ్చిన ఫ్యాక్షన్ సన్నివేశాల్లోకి శవాల గుంపు వచ్చిపడటంలోనే హాస్యం పుట్టింది. అరువు తెచ్చుకున్న భూతానికి స్థానిక జీవితమే ప్రాణం పోయాలన్న సంగతి ఇక్కడా రుజువైంది.

మన సంఘాల వేదికల కోసం హాస్యనాటికలు రాసేవారికి ఇందులో ఒక పాఠం ఉంది. నవ్వించే మాట రాసినప్పుడు, అదే మాట మూడో అంకంలో మరొకరి నోట వస్తే ఎలా వినిపిస్తుందో ఆలోచించాలి. మళ్లీ వినిపించినప్పుడు ప్రేక్షకుడు నవ్వలేకపోతే, ఆ మాట అప్పటిదాకా కథను మోస్తూ వచ్చిందన్నమాట.