సోలాపూర్ పేటల్లో తెలుగు

సోలాపూర్ అశోక్ చౌక్ సందుల్లో మరమగ్గాల చప్పుడును మించి గొంతెత్తితేనే మాట వినబడుతుంది. చాలా ఇళ్లలో ఆ మాట తెలుగే. ముంగిట్లో ఆడవాళ్లు ఒళ్లో చేట పెట్టుకుని, తునికాకు కత్తిరించి బీడీలు చుడుతుంటారు.

వీళ్లలో ఎక్కువమంది పద్మశాలీలు. పూర్వీకులు నిజాం ఏలుబడిలోని తెలంగాణ పల్లెల నుంచి బతుకుతెరువు వెతుక్కుంటూ బొంబాయి ప్రెసిడెన్సీలోని ఈ ఊరికి వచ్చారు. 1877లో ఇక్కడ తొలి నూలు మిల్లు వెలిసింది. సీమగుడ్డ దెబ్బకు మగ్గం సాగని కుటుంబాలకు కూలి దొరికింది.

1956లో భాషల వారీగా రాష్ట్రాలు ఏర్పడినప్పుడు సోలాపూర్ బొంబాయి రాష్ట్రంలోనే ఉండిపోయి, 1960లో మహారాష్ట్రలో భాగమైంది. ఇంట్లో తెలుగు, బడిలో, బజారులో మరాఠీ.

మారిషస్ చెరకుతోటలకు బ్రిటిష్‌వాళ్లు తరలించిన తెలుగువాళ్ల కథ వేరు. అక్కడ ఇంటిభాష క్రియోల్ అయింది. పిల్లలు తెలుగును బడిలో నేర్చుకుంటున్నారు. సోలాపూర్‌లో మాత్రం తెలుగు ధారాళంగా మాట్లాడగలిగినా చదవడం రానివాళ్లున్నారు. వాళ్లకు అక్షరాలు అందించడం తెలుగు రాష్ట్రాల బాధ్యత కూడా.