చిట్టాలో తెగిన జాడ

పాత కొట్లలో రెండు పుస్తకాలు ఉండేవి. చిట్టాలో ఆ రోజు జరిగింది జరిగినట్టు, జరిగిన వరుసలో రాసుకుపోతారు. ఆవర్జాలో ఎవరి ఖాతా వాళ్ళది, ఎవరు ఎంత బాకీయో చూసుకోవడానికి. ఆవర్జా తడిసి పాడైనా చిట్టా దగ్గర పెట్టుకుని మళ్ళీ రాసుకోవచ్చు.

కంప్యూటర్ల లోకం చాలాకాలం ఆవర్జాల మీదే నడిచింది. డేటాబేస్ అంటే అదే. చిట్టా దాని కడుపులో ఎక్కడో ఉండేది, బయటివాళ్ళకి కనపడేది కాదు. 2010 ప్రాంతంలో లింక్డిన్‌లో జే క్రెప్స్, నేహా నార్ఖేడే, జున్ రావ్ (మన రావు కాదు, చైనా పేరు) ఆ చిట్టాని బయటికి తీసి కంపెనీ మొత్తానికీ ఉమ్మడిగా పెట్టారు. రాయడంలో వేగం దాని ప్రత్యేకత కనక, తనకిష్టమైన రచయిత కాఫ్కా పేరు పెట్టానని క్రెప్స్ చెప్పుకున్నాడు. 2011లో దాన్ని ఓపెన్ సోర్స్ చేశారు.

ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి ఎక్కువగా ఏపీఐల ద్వారా మాట్లాడుకునేవి. అది ఫోన్ చేయడం లాంటిది: అడిగినవాడు జవాబు వచ్చేదాకా లైన్లోనే ఉంటాడు. కాఫ్కా దగ్గర ఆ నిరీక్షణ లేదు. ‘ఆర్డర్ వచ్చింది’ అని చిట్టాలో ఒక పద్దు వేసి వెళ్ళిపోవడమే. దాన్ని బిల్లింగ్ ఎప్పుడు చదువుతుందో, గోడౌన్ ఎప్పుడు చదువుతుందో రాసినవాడికి అనవసరం. చదివే ప్రతివాడూ తాను ఎంతవరకు చదివాడో గుర్తు పెట్టుకుంటాడు. మనం సెట్టింగులు ముట్టుకోకపోతే పద్దు 7 రోజులు ఉంటుంది.

ఈ ఏపీఐ ఫోన్ కాల్స్ జాడ పట్టే విద్య కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే బయటికొచ్చింది. 2010లో గూగుల్ డాపర్ అనే తన జాడ పట్టే వ్యవస్థ గురించి ఒక పత్రం ప్రచురించింది. ఉపాయం చిన్నదే. లోపలికొచ్చే ప్రతి అభ్యర్థనకీ గుమ్మంలోనే ఒక నంబరు ఇస్తారు. అది ఎన్ని సర్వర్లు దాటినా ఆ నంబరు చేతులు మారుతూ వెంట వెళ్తుంది. అన్నీ దాచడం ఖరీదు కనక గూగుల్ మొదట్లో 1024లో ఒక్కదాని జాడే ఉంచుకునేది. ఫిర్యాదు చేసిన కస్టమర్ మిగతా 1023లో పడితే అతని అదృష్టం. దాన్ని చూసే ట్విట్టర్ జిప్కిన్‌ని కట్టి 2012లో అందరికీ ఇచ్చింది. జిప్కిన్ మొదటి పేరు బిగ్‌బ్రదర్‌బర్డ్. అందులోని మూడు ‘బి’లు ‘బీ3’గా నేటికీ నెట్‌వర్కుల్లో తిరుగుతున్నాయి.

అయితే ఇవన్నీ ఫోన్ లైన్ ఉందనే నమ్మకం మీద కట్టినవి. కాఫ్కా దగ్గరికి వచ్చేసరికి జాడ తెగిపోయేది. ఎందుకంటే అప్పటి కాఫ్కా సందేశానికి కవరు లేదు, ఉత్తరం మాత్రమే ఉంది. నంబరు రాయడానికి చోటేదీ?

ఆ రోజుల్లో నేను పనిచేసిన ఒకచోట ఓ రాత్రి డబ్బు కట్ అయి టికెట్ రాని కస్టమర్ కోసం వెతికాం. ఏపీఐ గేట్‌వేలో (అభ్యర్థనలు లోపలికొచ్చే గుమ్మం అది) అంతా సవ్యంగా ఉంది: అభ్యర్థన వచ్చింది, జవాబుగా ‘200 ఓకే’ వెళ్ళింది. గేట్‌వేకి తెలిసింది అంతే. ఆ తర్వాతి కథ కోసం రెండు మెషీన్ల లాగ్ ఫైళ్ళు పక్కపక్కన తెరిచి గంట, నిమిషం, సెకను కలుపుకుంటూ కూచున్నాం. రెండు మెషీన్ల గడియారాలూ ఒకటి కాదని తెలిసేసరికి తెల్లారింది. మావాడొకడు తెలివిగా నంబరుని సందేశం లోపలే ఇరికించాడు. మర్నాడు ఆ కొత్త గడి ఏమిటో అర్థంకాక బిల్లింగ్ ప్రోగ్రాం మొరాయించింది.

2017 జూన్‌లో వచ్చిన కాఫ్కా 0.11 సందేశాలకి హెడర్లు ఇచ్చింది. అంటే కవరు వచ్చింది. లోపలి ఉత్తరం ముట్టుకోకుండా పైన నంబరు రాయొచ్చు. ఆ నంబరు ఎలా ఉండాలో 2020 ఫిబ్రవరిలో వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం ఖాయం చేసింది: గీతలతో కలిపి 55 అక్షరాలు. అందులో 32 మొత్తం ప్రయాణానికి, 16 ప్రస్తుతం ఉన్న మజిలీకి. అంతకు ముందు ఏడాదే జాడ పట్టే రెండు పోటీ ప్రాజెక్టులు కలిసి ఓపెన్‌టెలిమెట్రీ అయ్యాయి కనక, కంపెనీకో నంబరు పద్ధతి అనే గోల కూడా తగ్గింది.

కవరు వచ్చాక అసలు చిక్కు బయటపడింది. ఫోన్ కాల్స్‌లో జాడ ఒక వంశవృక్షం: ప్రతి పనికీ దాన్ని పిలిచిన తండ్రి ఒక్కడే. కాఫ్కా పాఠకుడు ఒక్కొక్క సందేశం చదవడు, గంపగుత్తగా లాక్కుంటాడు. మామూలు సెట్టింగులో ఒక్క విడతకి 500 దాకా. ఆ 500 కలిపి డేటాబేస్‌లో ఒకేసారి రాస్తే, ఆ రాత పనికి తండ్రెవరు? మొదటివాణ్ణి పట్టుకుంటే మిగతా 499 మంది అనాథలవుతారు. ఓపెన్‌టెలిమెట్రీ ఇక్కడ వంశవృక్షం పట్టుదల వదులుకుంది. తండ్రి అనకుండా ‘లింకు’ అంది. ఒక పని ఎన్ని జాడలకైనా లింకులు పెట్టుకోవచ్చు. నాకు ఈ మొత్తం కథలో నచ్చిన నిర్ణయం ఇదే, చూడ్డానికి అంత అందంగా లేకపోయినా.

ఈమధ్య అలాంటి ఫిర్యాదే మళ్ళీ వచ్చింది. ఈసారి నంబరు కొడితే తెర మీద అడ్డగీతలు పరుచుకున్నాయి. పైన గేట్‌వే గీత, చిన్నది. దాని కింద కాఫ్కాలో పద్దు వేసిన గీత, ఇంకా చిన్నది. ఆ తర్వాత తెరంతా ఖాళీ, కుడి చివర బిల్లింగ్ గీత. మధ్య ఖాళీ 3 గంటలు. సందేశం అంతసేపూ చిట్టాలో భద్రంగానే ఉంది, చదవాల్సిన ప్రోగ్రాం ఆగిపోయి ఉంది. ఎవరూ చూసుకోలేదు.