తెరపై ఇల్లు గీసేటప్పుడు: జియా సరాయ్ ఇరుకు సందులు నేర్పే మెళకువలు

జియా సరాయ్ (న్యూఢిల్లీ): దక్షిణ ఢిల్లీలో ఐఐటీ ప్రాంగణానికి చేరువలో ఉన్న జియా సరాయ్ పేరు పోటీ పరీక్షలకు సిద్ధమయ్యే తెలుగు విద్యార్థులకు సుపరిచితం. గేట్, ఇంజినీరింగ్ సర్వీసెస్, సీఎస్ఐఆర్ నెట్ శిక్షణ కోసం వచ్చే యువత ఇక్కడి అద్దె గదుల్లో నెలల తరబడి నివసిస్తుంటారు. ఒకదానికొకటి ఆనుకుని లేచిన మేడలు, వాటి మధ్య సన్నని సందులు, పట్టపగలు సైతం దీపం వెలిగించవలసిన గదులు ఈ ప్రాంతపు రూపురేఖలు.

ఇటువంటి ఇంటిని కంప్యూటర్ తెరపై నమూనాగా గీయడం నేడు ఇంజినీర్లకే పరిమితమైన విద్య కాదు. ఫ్రాన్స్‌కు చెందిన ఇమ్మాన్యుయేల్ ప్యూబరే రూపొందించిన ‘స్వీట్ హోమ్ 3డీ’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ 2006 నుంచి అందుబాటులో ఉంది. ఒకవైపు నేలపటం గీస్తుంటే మరోవైపు ఇంటి త్రిమితీయ రూపం ప్రత్యక్షమవుతుంది. అయితే తెరపై ప్రతి ఇల్లూ విశాలంగా, వెలుతురుతో కళకళలాడుతూ కనిపిస్తుంది. ఆ చిత్రాన్ని నమ్మి గోడ కట్టినా, గది అద్దెకు ఇచ్చినా తరువాత ఇబ్బంది పడేది అందులో నివసించేవారే. నమూనా నిజం చెప్పాలంటే పాటించవలసిన మెళకువలను పరిశీలిద్దాం.

కొలతలే పునాది

ఢిల్లీ గ్రామాల్లో 1908 నాటి భూమి సర్వే సందర్భంగా నివాస ప్రాంతం చుట్టూ పటంలో ఎర్ర గీత గీశారు. అదే ‘లాల్ డోరా’. 1963 నాటి ఉత్తర్వు ద్వారా ఆ గీత లోపలి ఇళ్లకు భవన నిబంధనల నుంచి మినహాయింపు లభించింది. దశాబ్దాల పాటు కొనసాగిన ఈ వెసులుబాటు కారణంగా ఇటువంటి గ్రామాల్లోని అనేక ఇళ్లకు ఆమోదం పొందిన ప్లాన్ ఉండదు. మన గ్రామకంఠాల్లోని పాత ఇళ్ల పరిస్థితి కూడా ఇంచుమించు ఇంతే. కనుక టేపుతో స్వయంగా కొలుచుకోవడమే మొదటి పని.

గది నాలుగు వైపులతో పాటు రెండు కర్ణాలను కూడా కొలవాలి. మేస్త్రీలు మూలమట్టంతో చేసే పరీక్ష ఇదే. 9 అడుగులు, 12 అడుగుల భుజాలు గల గదిలో కర్ణం సరిగ్గా 15 అడుగులు ఉంటేనే మూల లంబంగా ఉన్నట్లు. పాత ఇళ్లలో ఈ లెక్క తరచుగా తప్పుతుంది. సాఫ్ట్‌వేర్ మాత్రం లంబకోణం వైపే గోడను లాగుతుంది. కనుక గోడ గీస్తూ ఎంటర్ మీట నొక్కి పొడవు, కోణం అంకెల్లోనే నమోదు చేయడం మేలు.

కాగితంపై పాత ప్లాన్ ఉన్నట్లయితే దాని ఫొటోను నేపథ్య చిత్రంగా చేర్చి, స్వయంగా కొలిచిన ఒక గోడ పొడవును ఆధారంగా చూపాలి. చిత్రం మొత్తానికి అదే స్కేలు వర్తిస్తుంది. ఆధారంగా తీసుకునే గోడ ఎంత పొడవైనదైతే పొరపాటు అంత తగ్గుతుంది.

గోడ మందం మింగే స్థలం

అనుభవం లేనివారు తరచుగా విస్మరించేది గోడ మందాన్ని. సాఫ్ట్‌వేర్‌లో ముందుగా అమర్చి ఉండే మందం మన ఇటుక గోడలకు సరిపోదు. మన దేశంలో బయటి గోడలు సాధారణంగా 9 అంగుళాలు, లోపలి అడ్డుగోడలు నాలుగున్నర అంగుళాలు ఉంటాయి. ప్లాస్టరింగ్ మందం దీనికి అదనం. బయటి కొలత ప్రకారం 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు గల గదికి నాలుగు వైపులా 9 అంగుళాల గోడలు ఉన్నాయనుకుందాం. లోపల మిగిలేది ఎనిమిదిన్నర అడుగుల వెడల్పు, పదిన్నర అడుగుల పొడవు మాత్రమే. 120 చదరపు అడుగులు అనుకున్నది 89కి తగ్గింది. నాలుగో వంతు స్థలాన్ని గోడలే మింగాయి.

అందువల్ల గోడలు గీయడానికి ముందే ప్రాధాన్యాల పట్టికలో కొలమానాన్ని, గోడ మందాన్ని, ఎత్తును మార్చుకోవాలి. ఢిల్లీలోనూ, తెలుగు రాష్ట్రాల్లోనూ స్థలాన్ని గజాల్లో చెప్పడం వాడుక. చదరపు గజం అంటే 9 చదరపు అడుగులు. 50 గజాల స్థలం 450 చదరపు అడుగులు, అంటే సుమారు 41.8 చదరపు మీటర్లు. గది వైశాల్యాన్ని సాఫ్ట్‌వేరే లెక్కించి చూపుతుంది. జాతీయ భవన నిర్మాణ నియమావళి ప్రకారం నివాసయోగ్యమైన గదికి కనీసం 9.5 చదరపు మీటర్ల వైశాల్యం, 2.4 మీటర్ల వెడల్పు ఉండాలి. తెరపై కనిపించే అంకెను దీనితో పోల్చి చూసుకోవచ్చు.

మెట్లకు ముందుగా చోటు

చిన్న స్థలంలో అంతస్తులు పెరిగేకొద్దీ ఇబ్బంది పెట్టేవి మెట్లు. పై అంతస్తును చేర్చేటప్పుడు దాని ఎత్తును, శ్లాబు మందాన్ని విడివిడిగా నమోదు చేయాలి. నేల నుంచి పై నేల వరకు 3 మీటర్లు అనుకుంటే, ఒక్కో మెట్టు ఎత్తు 19 సెంటీమీటర్లు మించరాదన్న నియమం ప్రకారం 16 ఎత్తులు, వాటి మధ్య 15 మెట్లు అవసరమవుతాయి. పాదం మోపే వెడల్పు కనీసం 25 సెంటీమీటర్లు కనుక, మధ్యలో మలుపు లేని వరుసకు 3.75 మీటర్ల పొడవు కావాలి. ఆ చోటు లేని ఇంట్లో మెట్లు నిటారుగా మారతాయి. సాఫ్ట్‌వేర్ జాబితాలోని మెట్ల బొమ్మను కుదించి ఇరికించడం సులభమే. అయితే అలా ఇరికించిన మెట్లను ఎక్కవలసింది మనుషులు. అందుచేత గదుల కంటే ముందు మెట్లకు స్థానం నిర్ణయించుకోవాలి.

పక్క ఇల్లు లేకుంటే వెలుతురు అబద్ధం

నమూనాలో మన ఇల్లు మైదానంలో ఒంటరిగా నిలబడి ఉంటుంది. కిటికీలన్నింటి నుంచీ వెలుగు ధారాళంగా వస్తుంది. వాస్తవంలో ఆ కిటికీ ఎదుట చేతికందే దూరంలోనే పొరుగింటి గోడ ఉండవచ్చు. కనుక సందు వెడల్పును కొలిచి, చుట్టుపక్కల మేడలను కూడా వాటి ఎత్తుతో గీయాలి. గదులు, తలుపులు అవసరం లేదు. ఎత్తైన గోడలు గీస్తే చాలు.

తరువాత దిక్సూచిని సవరించాలి. ఉత్తర దిశను, అక్షాంశ రేఖాంశాలను, కాలమండలాన్ని సరిగా నమోదు చేస్తే, ఉత్తమ నాణ్యత స్థాయిలో చిత్రం తీసేటప్పుడు తేదీని, సమయాన్ని బట్టి ఎండ పడుతుంది. జియా సరాయ్ సుమారు 28.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. డిసెంబరు చివరి వారంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు ఇక్కడ 38 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. 12 మీటర్ల మేడ నీడ 15 మీటర్లకు పైగా సాగుతుంది. అదే హైదరాబాద్‌లోనైతే సూర్యుడు 49 డిగ్రీల ఎత్తులో ఉంటాడు, నీడ పదిన్నర మీటర్లకు లోపే. తూర్పు పడమరలుగా సాగే ఇరుకు సందులో శీతకాలమంతా కింది అంతస్తుకు మధ్యాహ్నపు ఎండ ఎందుకు అందదో ఈ లెక్కే చెబుతుంది.

వేసవిలో మరో తేడా ఉంది. ఢిల్లీలో మధ్యాహ్న సూర్యుడు ఏడాది పొడవునా దక్షిణం వైపే ఉంటాడు. కర్కటరేఖకు దిగువన ఉన్న తెలుగు రాష్ట్రాల్లో జూన్ మాసంలో కొద్దిగా ఉత్తరానికి జరుగుతాడు. అందువల్ల ఒక ఊరి కోసం గీసిన నమూనాను మరో ఊరికి యథాతథంగా వాడరాదు.

మరో జాగ్రత్త: గోడలు గీసి గదిని గీయకుండా వదిలేస్తే పైకప్పు ఏర్పడదు. పై నుంచి వెలుగు కురిసి చీకటి గది సైతం ప్రకాశవంతంగా కనిపిస్తుంది.

బయటికి దారి ఉందా?

సామగ్రిని అమర్చే ముందు గోడలు, గదులు కదలకుండా మూల ప్లాన్‌కు తాళం వేసుకునే సౌకర్యాన్ని వినియోగించుకోవాలి. జాబితాలోని మంచాలు, బల్లల కొలతలను అలాగే ఉంచక, ఇంట్లో ఉన్నవాటిని కొలిచి మార్చాలి. తలుపు తెరుచుకునే వంపును ప్లాన్ చూపుతుంది. ఆ వంపులోకి మంచం గాని, బీరువా గాని రాకూడదు.

అటుపిమ్మట ఇంట్లో నడిచే సందర్శకుని చూపుతో, పై అంతస్తులోని మంచం నుంచి వీధి వరకు దిగి రావాలి. దారిలో ఎన్ని తలుపులు ఉన్నాయి, అతి ఇరుకైన చోటు ఏది, ఆ ఒక్క దారి మూసుకుపోతే మరొకటి ఉందా అన్నవి గమనించాలి. ఇది ఊహాజనితమైన ప్రశ్న కాదు. ఉత్తర ఢిల్లీలోని ముఖర్జీ నగర్‌లో 2023 జూన్ 15న శిక్షణ కేంద్రంలో మంటలు చెలరేగినప్పుడు విద్యార్థులు కిటికీల నుంచి తాళ్లు పట్టుకుని దిగవలసి వచ్చింది. 2024 జూలై 27న ఓల్డ్ రాజేంద్ర నగర్‌లో నేలమాళిగలోని గ్రంథాలయంలోకి వరదనీరు చేరి ముగ్గురు సివిల్స్ అభ్యర్థులు ప్రాణాలు కోల్పోయారు.

నమూనాకు ఒక హద్దు కూడా ఉంది. తెరపై అంతస్తు చేర్చడానికి ఒక్క క్లిక్కు సరిపోతుంది. పునాది ఆ బరువును మోయగలదా అన్నది ఇటువంటి సాఫ్ట్‌వేర్ చెప్పదు. భూకంప ముప్పు గల ఢిల్లీలోనే కాదు, ఎక్కడైనా ఆ నిర్ణయం స్ట్రక్చరల్ ఇంజినీరుదే. అయితే సరైన కొలతలతో గీసిన నమూనా చేతిలో ఉంటే ఇంజినీరుతో, మేస్త్రీతో, ఇంటి యజమానితో మాట్లాడడం సులభమవుతుంది. అద్దెకు దిగే విద్యార్థి సైతం ఒక టేపుతో, ఒక సాయంత్రపు శ్రమతో తన గదికి గాలి ఎటు నుంచి వస్తుందో, ఆపదలో ఎటు వెళ్లాలో తెలుసుకోగలడు.