మూత తీసి చూడండి

కారు ఆగిపోయిందంటే అందులో వింతేమీ లేదు. ఆగిన కారు పావుగంట విశ్రాంతి తీసుకుని, ఏమీ ఎరగనట్టు మళ్ళీ బయలుదేరితేనే మనిషికి పిచ్చెక్కుతుంది. మా కారు మూడు నెలలపాటు నన్ను ఇలాగే ఆడించింది. ఆ మూడు నెలల్లో నేను పెట్రోలును తిట్టాను, పంపు మార్పించాను, ఏ పాపం ఎరగని ఒక కుర్రవాణ్ణి నలుగురిలో దొంగను చేశాను. అసలు జబ్బు ఏమిటో చివరికి ములుగులో తెలిసింది, మూడువందల యాభై రూపాయలకు!

ములుగంటే మేడారం జాతరకు పోయే ములుగు కాదు. ఇది సిద్దిపేట జిల్లా ములుగు. సికింద్రాబాదు నుంచి కరీంనగరం వెళ్ళే రాజీవ్ రహదారిన, శామీర్‌పేట దాటి ముందుకు పోతే వస్తుంది. 2016 అక్టోబరులో జిల్లాలు విడదీసేదాకా మెదక్ జిల్లాలో వుండేది. అటవీ కళాశాల, కొండా లక్ష్మణ్ పేరిట వెలసిన ఉద్యాన విశ్వవిద్యాలయం ఇక్కడే వున్నాయి. కూరగాయలకు పేరుపడ్డ వంటిమామిడి కూడా ఈ మండలంలోదే.

ఇంతకీ కథ మొదటినుంచి చెప్పాలి.

నా వైద్యం

మాది అల్వాల్. ఉద్యోగం విరమించినప్పుడు చేతికొచ్చిన డబ్బులో కొంత పెట్టి ఒక చిన్న పెట్రోలు కారు కొన్నాను. పన్నెండేళ్ళుగా నమ్మకంగా పనిచేసింది. గత వేసవిలో నేనూ మా ఆవిడా రెండు నెలలు పుణెలో మా అబ్బాయి దగ్గర వున్నాం. కారు మామిడిచెట్టు కింద నిద్రపోయింది. తిరిగి వచ్చాక మొదలైంది రోగం. ముప్ఫై, నలభై కిలోమీటర్లు పోయేసరికి ఎక్కిళ్ళు పెట్టినట్టు గుంజేది, ఆగిపోయేది. కాసేపాగి తాళం తిప్పితే మళ్ళీ నడిచేది.

పెట్రోలు నిండుగా పోయించిన రోజునే ఇలా జరుగుతోందని నేను కనిపెట్టాను. ఇంకేం? పెట్రోలులో నీళ్ళు కలిశాయని తీర్మానించాను. ఒకరోజు మా కోడల్నీ మనవడినీ వెంటబెట్టుకుని తిన్నగా బంకుకు పోయి, పెట్రోలు పోసే కుర్రవాణ్ణి నిలదీశాను. మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. వడపోత కాగితం తెచ్చి, గొట్టం మొనను తుడిచి, దానిమీద ఒక చుక్క వేయించాడు. రెండు నిమిషాల్లో చుక్క మచ్చ మిగల్చకుండా ఆరిపోయింది. అయిదు లీటర్ల ముద్రవేసిన కొలపాత్ర తెచ్చి పోయించాడు. సరిగా గీతదాకా వచ్చింది. ఈ రెండు పరీక్షలూ ఏ బంకులోనైనా అడిగి చేయించుకునే హక్కు మనకుంది. కాని పరీక్ష చేయమన్నవాడు ఫలితాన్ని ఒప్పుకోవాలి కదా? నేను ఒప్పుకోలేదు. "కాగితం మీదే, పాత్రా మీదే!" అన్నాను. మేనేజరు నా నోరు మూయించడానికి ఆ కుర్రవాణ్ణి పెట్రోలు దగ్గర్నుంచి తీసి టైర్లకు గాలి కొట్టే చోట నిలబెట్టాడు. వాడు ఒక్క మాటా అనలేదు.

తరవాత నగరంలో ఒక పెద్ద వర్క్‌షాపుకు తీసుకుపోయాను. కంప్యూటరు తగిలించారు. గాలి ఎక్కువై పెట్రోలు తక్కువైందని అది చెప్పిందట. పంపు పోయిందన్నారు. పదకొండువేలు అయింది. తెచ్చుకున్న వారం రోజులు బాగానే వుంది. నిండుగా పెట్రోలు పోయించి ఊరు దాటానో లేదో, మళ్ళీ అదే ఎక్కిలి!

ములుగులో ఆగిన కారు

మనవడికి మూడో ఏడు వచ్చింది. వర్గల్ సరస్వతి గుడిలో అక్షరాభ్యాసం చేయించాలని మా ఆవిడ కోరిక. ముహూర్తం పది నలభైకి. అబ్బాయి పుణె నుంచి వచ్చాడు. "వేరే బండి మాట్లాడుకుందాం, మామయ్యగారూ" అని కోడలు మెల్లిగా అంది. నాకు రోషం వచ్చింది. ముందురోజు సాయంత్రం ట్యాంకు నింపించి, ఉదయం ఎనిమిదిన్నరకే అందరినీ ఎక్కించుకు బయలుదేరాను.

ములుగు చేరబోతుండగా కారు గుంజడం మొదలుపెట్టింది. ఎడమపక్కనుంచి లారీలు రొదచేస్తూ పోతున్నాయి. వెనక సీట్లో ఎవరూ మాట్లాడటం లేదు. ఆ మౌనమే నన్ను ఎక్కువ బాధించింది. రెండో గేరులో ఈడ్చుకుంటూ వచ్చి, రోడ్డువారనున్న రేకుల షెడ్డు ముందు ఆగిపోయింది. మా బావమరిది ఫోను చేస్తే, ములుగులో వున్నామన్నాను. "అక్షరాభ్యాసమని చెప్పి మేడారం దారిన పడ్డారేమిటి?" అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

షెడ్డులోంచి నలభై అయిదేళ్ళ మనిషి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. పానా పట్టుకు రాలేదు. ప్రశ్నలు పట్టుకొచ్చాడు.

"ఒక్కపారే బందయిందా సారూ, గుంజుకుంట గుంజుకుంట ఆగిందా?"

"గుంజుతూ ఆగింది."

"ఒక్కపారి ఆగితే కరెంటును అనుమానించాలె. గుంజుకుంట ఆగితే పెట్రోలు అందుతలేదన్నట్టు. టాంకి ఎప్పుడు నింపిండ్రు?"

"నిన్న సాయంత్రం. నిండుగా."

"సగం టాంకి మీద నడిపినప్పుడు ఆగిందా ఎన్నడన్న?"

నేను ఆలోచించాను. లేదు! ఒక్కసారి కూడా లేదు. మూడు నెలల్లో ఈ ప్రశ్న నన్నెవరూ అడగలేదు; నన్ను నేనూ అడుగుకోలేదు.

"గట్లయితే తాళం తీసి, గా మూత తిప్పుండ్రి. జర మెల్లగ."

మూత తిప్పగానే 'సుయ్' మంటూ చప్పుడైంది. అతను సందు దగ్గర ఒక కాగితం ముక్క పట్టుకున్నాడు. అది బయటికి ఎగరలేదు, లోపలికి అతుక్కుంది.

"విన్నరా? బండికి శ్వాస ఆడుతలేదు. ఇప్పుడు తాళం తిప్పుండ్రి."

తిప్పాను. మొదటి దెబ్బకే ఇంజను లేచింది.

రెండు ముక్కులూ మూసుకుపోతే

సంగతేమిటంటే, ట్యాంకులోంచి ఎంత పెట్రోలు పోతే అంత చోటులోకి బయటిగాలి రావాలి. డబ్బాకు ఒకే చిల్లు పెట్టి నూనె వంచితే గుటక గుటకగా పడి ఆగిపోతుందే, అలాగన్న మాట. ట్యాంకు నిండుగా వుంటే పైన ఖాళీ తక్కువ. అంచేత కొద్ది పెట్రోలు తగ్గినా లోపల శూన్యం త్వరగా పెరుగుతుంది. పెట్రోలు బుడగలు కట్టి, పంపు బుడగల్నే పీలుస్తుంది. సగం ట్యాంకులో ఖాళీ ఎక్కువ గనక శూన్యం అంత తొందరగా పెరగదు. వర్క్‌షాపువాళ్ళు పంపు మార్చడానికి ట్యాంకు విప్పినప్పుడు గాలి తనంతట తానే నిండింది; వారం రోజుల ఆరోగ్యం అదే.

ఇప్పటి కార్లలో ఈ గాలి బొగ్గుపొడి నింపిన చిన్న డబ్బీ ద్వారా వస్తుంది. పెట్రోలు ఆవిరి ఊళ్ళోకి పోకుండా ఆ బొగ్గు పట్టివుంచుతుంది. అది ఒక ముక్కయితే, మూతలో వుండే చిన్న కవాటం రెండో ముక్కు. మేస్త్రి కారు కిందికి దూరి డబ్బీ గొట్టం ఊడదీశాడు. దాని మొన నిండా ఎండిన మట్టి! కుమ్మరిపురుగు గూడు. మామిడిచెట్టు కింద రెండు నెలలు కదలని కారును అది ఖాళీ ఇల్లనుకున్నట్టుంది. భ్రమరకీట న్యాయం గురించి విన్నాను గాని, అది నా కారుమీదే నడుస్తుందనుకోలేదు.

మరి మూతో? ఆ ఘనత నాదే. పెట్రోలు ఎవరైనా దొంగిలిస్తారేమోనని, కంపెనీ మూత తీసేసి బజారులో తాళంమూత ఒకటి చవకగా కొని బిగించాను. దానికి కవాటమే లేదు. దొంగలొస్తారని ఇంటికి కిటికీలు కూడా మూసుకున్నవాడి తెలివి నాది.

ఇది మన దేశపు వింత కూడా కాదు. 2011లో మాజ్డా కంపెనీ అమెరికాలో 50 వేలకు పైగా కార్లను వెనక్కి పిలిపించింది. కారణం ఒక పసుపుపచ్చ సాలెపురుగు! పెట్రోలు వాసనకు వచ్చి ఆ గాలిగొట్టంలో గూడు అల్లేది. ట్యాంకు లోపల శూన్యం పెరిగి అది పగిలే ప్రమాదం వుందని తేలింది. 2014లో ఇదే కారణంగా మరో 42 వేల కార్లను పిలిపించారు.

మీ కారు ఏమంటోంది?

మేస్త్రి గొట్టం శుభ్రం చేస్తున్నంతసేపూ నేను పక్కన కూర్చుని అడిగి తెలుసుకున్నవి, తరవాత చదివి సరిచూసుకున్నవి పాఠకులకు పనికొస్తాయని ఇక్కడ చెబుతున్నాను.

కారు అసలే కదలకపోతే, ముందు పెట్రోలు వుందో లేదో చూడండి, ముల్లు అబద్ధమాడవచ్చు. తరవాత తాళం సగం తిప్పి చెవి వొగ్గండి. వెనక సీటు కింద రెండు మూడు సెకన్లు 'గుయ్' మని సన్నగా వినబడితే పంపు మేలుకున్నట్టే. వినబడకపోతే పంపు కొనేముందు ఫ్యూజు, రిలే చూపించండి. పంపుతో పోలిస్తే వాటి ఖరీదు చాలా తక్కువ.

నెమ్మదిగా పోతే బాగుండి, ఎత్తు ఎక్కేటప్పుడో లారీని దాటేటప్పుడో నీరసించిపోతే వడపోత మూసుకుపోయి వుండవచ్చు, పంపు బలహీనమై వుండవచ్చు. అది ఊహించక్కర్లేదు, కొలిచే మీటరు వుంది. టైరులో గాలి 30, 33 వుంటుంది గదా, చాలా పెట్రోలు కార్లలో పెట్రోలు ఒత్తిడి అదే లెక్కన 45 ప్రాంతంలో వుండాలి. కంప్యూటరు చెప్పే అంకె రోగలక్షణమే గాని రోగం పేరు కాదు. జ్వరం వుందని థర్మామీటరు చెబుతుంది. మలేరియానో టైఫాయిడో అది చెప్పదు.

పొద్దున్నే చాలాసేపు తిప్పితే గాని లేవకపోతే, తాళం రెండు మూడుసార్లు సగందాకా తిప్పి ఆపి, అప్పుడు స్టార్టు చేయండి. వెంటనే లేచిందా, రాత్రంతా నిలవాల్సిన ఒత్తిడి ఎక్కడో జారిపోతోందని అర్థం.

బంకునుంచి బయటికి రాగానే గుంజితే అప్పుడు పెట్రోలును అనుమానించవచ్చు. 2022లో పది శాతం, 2025 నాటికి ఇరవై శాతం ఇథనాలు మన పెట్రోలులో కలుస్తోంది. ఇథనాలుకు నీటిని పట్టుకునే గుణం వుంది. నీరు హద్దుమీరితే రెండూ కలిసి అడుక్కి దిగుతాయి. పంపు పీల్చేది అడుగునే. అంచేత రసీదు పారేయకండి. పొరపాటున పెట్రోలు కారులో డీజిలు పోస్తే మాత్రం తాళమే తిప్పకండి. తోసుకుపోయి ట్యాంకు ఖాళీ చేయించండి.

ట్యాంకును ఎప్పుడూ అడుగంటనీయకండి. పంపును చల్లబరిచేది చుట్టూ వుండే పెట్రోలే.

ఇక పెట్రోలు వాసన గుప్పుమంటే, అక్కడితో మీ వైద్యం ఆపండి. ఇంజను ఆపి, పిల్లల్ని దించి దూరంగా తీసుకుపొండి. నోటితో గొట్టం పీల్చే పాత అలవాటు ప్రాణాంతకం. మూత తీసే పరీక్ష కూడా ఇంజను ఆపి, నిప్పుకు దూరంగా చేయాలి. ఎండలో కాస్త గాలి బయటికి చిమ్మడం సహజమే. గట్టిగా లోపలికి పీలిస్తేనే, మూత తీశాక కారు కోలుకుంటేనే దాన్ని రుజువుగా తీసుకోవాలి.

ముహూర్తం

మేస్త్రి తన పెట్టెలో వెతికి కవాటం వున్న మూత ఒకటి బిగించాడు. మూతకు నూట యాభై, పనికి రెండువందలు అన్నాడు. నేను జేబులో చెయ్యి పెడితే వద్దన్నాడు.

"గుడికాడ ఆపి ఇంకోపారి మూత తీసి చూడుండ్రి. చప్పుడు రాకుంటెనే ఫోన్ల పైసలు పంపుండ్రి."

వర్గల్ గుట్ట కింద కారు ఆపేసరికి పదీ ఇరవై అయిదు. కుటుంబమంతా దిగి ట్యాంకు చుట్టూ నిలబడ్డాం. మూత తిప్పాను. ఏ చప్పుడూ లేదు. అక్కడే డబ్బు పంపించాను. పదిహేను నిమిషాల తరవాత మనవడు తండ్రి ఒడిలో కూర్చుని బియ్యంలో వేలు పెట్టి దిద్దాడు.

తిరిగి వస్తుండగా కోడలు అంది: "మామయ్యగారూ, ఆ బంకు అబ్బాయి ఇంకా గాలి కొడుతూనే వున్నాడు. మొన్న చూశాను."

ఆమె మరేమీ అనలేదు. నేను ఇంటికి పోకుండా కారును బంకు వైపు తిప్పాను. ఎంతమంది ముందు దొంగ అన్నానో అంతమందినీ పోగుచెయ్యలేను గదా! ఉన్న నలుగురి ముందే మేనేజరుతో, తప్పు నాదనీ, మట్టి నా కారులో వుందనీ, ఈ కుర్రవాడి పెట్రోలు శుభ్రమైనదనీ చెప్పాను. పదిరోజుల తరవాత మళ్ళీ వెళితే వాడు పెట్రోలు గొట్టం దగ్గరే వున్నాడు. నన్ను చూసి మూత తీసి, నవ్వీ నవ్వనట్టు అడిగాడు:

"కాగితం తెమ్మంటారా, సార్?"