నారుమడికి పీట్ కావాలా? ఎండుటాకులు చాలవా?

లక్డీకాపూల్ అంటే ఏమిటో మీకు తెలుసు కదా? కట్టె వంతెన. ఆ వంతెన ఇప్పుడు లేదు, పేరు మాత్రం మిగిలింది. కట్టె, ఆకు, గడ్డి, కూరగాయల తొక్కు - ఇవేవీ కలకాలం ఉండవు. గాలి, తడి తగిలితే చాలు, సూక్ష్మజీవులు వాటిని తిని మట్టిలో కలిపేస్తాయి.

కాని వేల ఏళ్ళనాటి నాచు నేటికీ పూర్తిగా కుళ్ళకుండా ఉన్న చోట్లు భూమి మీద ఉన్నాయంటే నమ్ముతారా?

పీట్ ఎలా పుట్టింది?

ఐర్లండు, ఫిన్లండు, కెనడా, రష్యా వంటి చల్లని దేశాలలో నీరు నిలిచిన బురద నేలలున్నాయి. వాటిలో స్ఫాగ్నం అనే నాచు పెరుగుతుంది. చనిపోయిన నాచు అడుగుకు చేరుతుంది. అక్కడ ప్రాణవాయువు అందదు. నీటికి ఆమ్లగుణం ఎక్కువ, చలి కూడా ఎక్కువే. అందువల్ల సూక్ష్మజీవుల పని బాగా మందగిస్తుంది. సగం కుళ్ళి, సగం కుళ్ళక పేరుకుపోయిన ఆ పదార్థమే పీట్. అది ఏడాదికి సుమారు 1 మిల్లీమీటరు మందం మాత్రమే పెరుగుతుంది. అంటే 1 మీటరు పొరకు దాదాపు 1000 ఏళ్ళు!

పీట్ స్పంజి వంటిది. నీటిని పట్టి ఉంచుతుంది, వేళ్ళకు గాలినీ అందనిస్తుంది. లవణాలు తక్కువ. కలుపు విత్తనాలూ దాదాపు ఉండవు. అందుకే నారు పెంచేవారికి అదంటే ఇష్టం. కాని తవ్వి ఆరబెట్టగానే దానికి గాలి తగులుతుంది. వేల ఏళ్ళుగా దాగిన కార్బన్ బొగ్గుపులుసు వాయువుగా మారి పైకి పోతుంది. పీట్ నేలలు భూభాగంలో సుమారు 3 శాతమే. అయినా ప్రపంచంలోని అడవుల చెట్లన్నిటిలో ఉన్నదానికంటె ఎక్కువ కార్బన్ వాటిలో ఉంది. ఐర్లండు ప్రభుత్వ సంస్థ బోర్డ్ నా మోనా తాను పీట్ తవ్వడం మానేస్తున్నట్లు 2021లో ప్రకటించింది.

మన దగ్గర ఏముంది?

మనకు కొబ్బరి పొట్టు ఉంది. పీచు తీయగా మిగిలే గోధుమరంగు పొడి ఇది. నీటిని చక్కగా పట్టి ఉంచుతుంది. మన నర్సరీలలో గుంటల ట్రేలలో నారు పెంచేది ఎక్కువగా దీనిలోనే. అయితే ఇందులో మొక్కకు ఆహారం చాలా తక్కువ. ఆ లోటు తీర్చేది కంపోస్టు.

ఆల్బర్ట్ హోవర్డ్ అనే శాస్త్రజ్ఞుడు ఇండోరులో పనిచేస్తూ, మన రైతుల అనుభవాన్ని గమనించి, కంపోస్టు తయారీకి ఒక పద్ధతిని రూపొందించాడు. 1931లో దాన్ని పుస్తకంగా ప్రకటించాడు. సూక్ష్మజీవులకు కార్బన్ కట్టెల వంటిది, నత్రజని పప్పు వంటిది. 1 పాలు నత్రజనికి 25 నుండి 30 పాళ్ళు కార్బన్ ఉంటే అవి చురుకుగా పనిచేస్తాయి. ఎండుటాకులలో కార్బన్ ఎక్కువ. కూరగాయల తొక్కులు, వాడిన టీపొడి, పేడలలో నత్రజని ఎక్కువ. కుప్ప బాగా కుదిరితే లోపల వేడి 55 నుండి 65 సెంటీగ్రేడు డిగ్రీలకు చేరుతుంది. ఆ వేడికి కలుపు విత్తనాలు, తెగుళ్ళ క్రిములు చాలావరకు చస్తాయి. గాలి అందేలా కుప్పను తిరగేస్తూ ఉండాలి.

గాలి అందకపోతే వేరే సూక్ష్మజీవులు చేరి మీథేన్ వాయువును పుట్టిస్తాయి. దానికీ ఉపయోగం ఉంది. మన నగరంలోని బోయినపల్లి కూరగాయల మార్కెట్లో వ్యర్థాల నుండి ఆ వాయువును తీసి విద్యుత్తు తయారుచేసే కేంద్రాన్ని నెలకొల్పారు. దాని సాంకేతిక విధానం తార్నాకలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ ఇచ్చింది.

నేను చేసిన పొరపాటు

ఒక ఏడాది మా బడిలో ఎండుటాకులు, హోటలు తొక్కులు కలిపి కుప్ప వేశాం. పిల్లల తొందర చూసి, నెల తిరగకుండానే ఆ ఎరువులో టమాటా విత్తనాలు చల్లించాను. కుప్ప ఇంకా వెచ్చగానే ఉంది, ఘాటు వాసన కూడా పోలేదు. మొలిచినవి కొన్నే, అవీ పసుపుబారి చచ్చాయి. "విత్తనాలు మంచివి కావు" అన్నాను. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె మాట్లాడకుండా మిగిలిన విత్తనాలను మామూలు మట్టిలో వేసింది. వారం పది రోజులకు మొలకలు తెచ్చి, "సార్, విత్తనాలు మంచివే!" అంది. తప్పు నాదేనని పిల్లలందరి ముందు ఒప్పుకున్నాను.

ఎందుకలా జరిగింది? మాగని కంపోస్టులో సూక్ష్మజీవుల పని ఇంకా సాగుతూనే ఉంటుంది. అవి మొక్కకు అందవలసిన నత్రజనిని లాక్కుంటాయి. పైగా అందులోని అమ్మోనియా, ఆమ్లాలు లేత వేళ్ళను మాడుస్తాయి. బాగా మాగిన కంపోస్టు నల్లగా, చల్లగా, పొడిపొడిగా ఉండి, తొలకరి మట్టి వాసన వేస్తుంది. అందుకు మూడు నాలుగు నెలలు పట్టవచ్చు.

మీరే చేసి చూడండి

అడుగున రంధ్రాలున్న మూడు కప్పులు తీసుకోండి. మొదటిదానిలో తోటమట్టి, రెండోదానిలో మాగని కంపోస్టు నింపండి. మూడోదానిలో జల్లించిన మాగిన కంపోస్టు 1 పాలు, కొబ్బరి పొట్టు 2 పాళ్ళు కలిపి నింపండి. పొట్టులో ఉప్పు ఉంటుంది కనుక ముందుగా రెండు మూడుసార్లు కడగాలి. కంపోస్టులోనూ లవణాలుంటాయి, అందుకే దాన్ని ఒక్కదాన్నే వాడకూడదు. ఒక్కొక్క కప్పులో 10 టమాటా విత్తనాలు నాటి, సమానంగా నీరు పోయండి. పదో రోజున మొలకలు లెక్కించండి. 25 రోజులకు ఆకుల రంగు, వేళ్ళ పొడవు పోల్చి నోటుపుస్తకంలో రాయండి.

మీ లెక్క నేను చెప్పినదానికి భిన్నంగా వస్తే, నా మాటను కాదు, మీ కప్పులను నమ్మండి. మళ్ళీ చేసి చూడండి. ఆ అమ్మాయి నాకు నేర్పిన పాఠం అదే.