స్నేహం మాటున ఉగ్రవాద వల!
ఉగ్రవాదం వైపు పిల్లలు మళ్లకుండా పాఠశాలలు శ్రద్ధ వహించాలన్న చట్టనిబంధన బ్రిటన్‌లో 2015 జులై 1న అమల్లోకి వచ్చింది. అదే ఏడాది ఫిబ్రవరిలో తూర్పు లండన్ నుంచి ముగ్గురు విద్యార్థినులు సిరియాకు వెళ్లిపోయారు. వారి వయసు 15, 16 ఏళ్లే.

వల విసిరేవారు తొలిరోజే సిద్ధాంతం బోధించరు. ఒంటరితనం, అవమానం, కోపం ఎవరిలో ఉన్నాయో కనిపెట్టి స్నేహితులుగా చేరువవుతారు. ఈ సంగతి ఇంట్లో చెప్పవద్దంటారు. ఆపై కష్టాలన్నిటికీ ఫలానా వర్గమే కారణమని నూరిపోస్తారు. మతం పేరిటైనా, జాతి పేరిటైనా మెట్లు దాదాపు ఇవే. 13, 14 ఏళ్ల పిల్లలకు సిద్ధాంతాల చర్చకంటే ముందు నేర్పవలసింది ఈ క్రమాన్నే. దాపరికం కోరే స్నేహాన్ని శంకించాలని వారికి తెలియాలి. తోటి విద్యార్థి మారిపోతుంటే హేళన చేయక, వాదించి గెలవాలని చూడక నమ్మకమైన పెద్దలకు తెలపాలి. అది చాడీ కాదు.

చెప్పిన మాటను పెద్దలు పట్టించుకోవడం మరో ఎత్తు. 2024 జులై 29న సౌత్‌పోర్టులో ముగ్గురు బాలికలను కత్తితో పొడిచి చంపిన 17 ఏళ్ల బాలుడి గురించి 2019-2021 మధ్య 'ప్రివెంట్' పథకం అధికారులకు మూడుసార్లు సమాచారం అందింది. మొదటిసారి అతడి వయసు 13. స్పష్టమైన సిద్ధాంతం కనిపించలేదన్న కారణానికే ప్రాధాన్యమిచ్చి తొందరపడి కేసు మూసివేశారని 2025లో వెలువడిన సమీక్ష తేల్చింది.